పాపర్ దావా నుంచి పన్నెండో సెక్షన్ దాకా

మొగుడు వదిలేసిన వాడ ఆడమనిషి మనోవర్తి దావా వెయ్యాలంటే, సర్కారు సాయానికి తాను అర్హురాలినని ఎట్లా రుజువు చేసుకోవాలి? ఈ ప్రశ్నకు చట్టం రెండు కాలాల్లో రెండు జవాబులు చెప్పింది. ఆ తేడాలో మన చరిత్ర ఉందంటున్నాం.

1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ఇచ్చిన పేరు 'పాపర్'. అంటే దావా ఫీజు కట్టే స్తోమత లేని మనిషి. ఫీజు నిర్ణయించని దావాలోనైతే, ఒంటిమీది బట్టలూ దావాలో ఉన్న ఆస్తీ పోగా వంద రూపాయల సొత్తు కూడా ఉండకూడదు. ఆమె లేమి మీద ముందు విచారణ. ఎదుటి పక్షానికి నోటీసు. 'ఈమె పేదది కాదు' అని వదిలేసిన మొగుడే వచ్చి వాదించొచ్చు! ఇంత చేసినా దొరికేది ఫీజుకు గడువే, వకీలు కాదు. గెలిస్తే వచ్చిన సొమ్ములో మొదటి హక్కు సర్కారు ఫీజుదే. 1976 సవరణతో 'పాపర్' పోయి 'నిరుపేద' వచ్చింది. కోర్టు వకీలును ఇవ్వొచ్చన్న మాటా అప్పుడే చేరింది.

అదే ఏడు 42వ సవరణ రాజ్యాంగంలో 39-ఎ అధికరణను చేర్చింది. 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం చేశారు గానీ, అది అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న. దాని పన్నెండో సెక్షన్ అర్హతనే తిరగరాసింది. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, వెట్టికీ కుల దాడులకూ గురైనవాళ్లు, ఇంకా కొందరు అర్హులు. వీళ్లకు ఆదాయ పరిమితి లేదు. ఆదాయం లెక్క ఈ వరసల్లోకి రానివాళ్లకే. కోర్టుకు దూరం చేసేది పేదరికం ఒక్కటే కాదు, కులమూ ఆడపుట్టుకా కూడానని చట్టం ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇది దయ కాదు.

అయితే ఈ గుమ్మం అందరికీ ఒకేలా తెరుచుకోదు. దళిత దంపతుల కేసులో భార్యకు రెండు అర్హతలు, భర్తకు కులం అర్హత. క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగ కుటుంబంలోనో? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వాళ్లను ఎస్సీలుగా గుర్తించదు. అక్కడ భార్య ఆడదిగా అర్హురాలే. భర్త మాత్రం సాధారణంగా ఆదాయం చూపించుకోవాలి. ఒకే వాడ, ఒకే అంటరానితనం, వేరువేరు లెక్కలు.

మెలికలు ఇంకా ఉన్నాయి. అర్హత ఉన్నా, కేసులో పస ఉందని సంస్థ నమ్మాలంటుంది పదమూడో సెక్షన్. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం ఆ కోర్టుల్లో వకీలును పెట్టుకోవడం హక్కు కాదు. కోర్టు అనుమతి కావాలి.

అందుకే మన వాడల్లో ఈ సెక్షన్ నోటికి రావాలి. మండల, జిల్లా న్యాయ సేవాధికార సంస్థల దగ్గర ఆదాయం కాయితం అడిగితే, 'నేను ఆడమనిషిని, నా అర్హత అదే' అని మన అక్కచెల్లెళ్లు చెప్పగలగాలి. పేదరికం రుజువు చేసుకునే కాలం వాళ్ల వరకు 1995లోనే చెల్లిపోయింది.