వెక్టర్ గారు ఇంకా బతికే ఉన్నారు

జావా నేర్చుకున్న ప్రతివాడికీ ఏదో ఒక ఇంటర్వ్యూలో తగిలే ప్రశ్న ఇది: వెక్టర్‌కీ, ఎరేలిస్ట్‌కీ తేడా ఏమిటి? నన్నూ అడిగారు. "వెక్టర్ సింక్రొనైజ్‌డ్ అండీ, ఎరేలిస్ట్ కాదండీ" అని బట్టీ కొట్టిన జవాబు అప్పజెప్పి ఉద్యోగం తెచ్చుకున్నాను. ఒకే పని చేసేవి రెండు ఒకే భాషలో ఎందుకున్నాయని వాళ్ళూ అడగలేదు, నాకూ తట్టలేదు. తట్టడానికి ఓ రాత్రి జాగారం చెయ్యాల్సొచ్చింది. ఆ ముచ్చట తర్వాత చెప్తాను.

జావాలో మామూలు ఎరే సైజు పుట్టినప్పుడే ఖాయం. పది గదులు అడిగితే పదే. పదకొండోది పెట్టాలంటే ఇంకో పెద్ద ఎరే తీసుకుని, పాతవన్నీ అందులోకి మోసుకోవాలి. అచ్చం అద్దె ఇల్లు మారినట్టే. ప్రతిసారీ ఒక్క గది ఎక్కువున్న ఇంటికి మారుతూ పోతే బతుకంతా సామాను సర్దడమే. 10 గదులతో మొదలుపెట్టి 1000 వస్తువులు అలా నింపితే మోతలు దాదాపు 5 లక్షలు! అదే నిండినప్పుడల్లా రెట్టింపు ఇంటికి మారితే 7 సార్లే మారతాం, మొత్తం మోతలు 1270. పెరిగే లిస్టు కిటుకంతా ఇంతే.

1996లో వచ్చిన జావా 1.0 లోనే ఈ కిటుకు తెలిసిన వెక్టర్ ఉంది. నిండితే రెట్టింపు అవుతుంది. కాకపోతే వస్తువులు పెట్టే, తీసే మెథడ్లకు తాళం వేశారు. ఒక థ్రెడ్ లోపలుంటే ఇంకోటి గుమ్మం బయట నిలబడాలి. వినడానికి భద్రంగానే ఉంది కానీ, "ఇది లిస్టులో ఉందా? లేకపోతే పెట్టు" అన్నామనుకోండి, అవి రెండు పనులు. రెండిటికీ విడివిడిగా తాళాలున్నాయి, మధ్యలో మాత్రం తలుపు తెరిచే ఉంది. ఆ సందులో ఇంకో థ్రెడ్ దూరొచ్చు. అంటే అవసరం లేనివాళ్ళు కూడా తాళం ఖర్చు భరించారు, అవసరమున్నవాళ్ళకి అది చాల్లేదు.

1998 డిసెంబరులో జావా 1.2 తో పాటు కలెక్షన్స్ ఫ్రేంవర్క్ వచ్చింది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో దాన్ని రూపొందించిన ఘనత జాషువా బ్లాక్‌ది. ఎరేలిస్ట్ పుట్టింది అప్పుడే. తాళాల్లేవు. రెట్టింపు బదులు సుమారు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. పై లెక్కే ఇప్పటి సూత్రంతో వేస్తే 12 సార్లు మారతాం, మోతలు 2456. మోత కాస్త ఎక్కువే, కానీ ఖాళీగా పడుండే గదులు తక్కువ.

మరి వెక్టర్‌ని తీసేశారా? లేదు. లిస్ట్ అనే కొత్త ఇంటర్‌ఫేస్ తొడిగి కొత్త చుట్టాల పక్కనే కూర్చోబెట్టారు. స్వింగ్‌లోని టేబుల్ మోడల్ ఈనాటికీ వెక్టర్‌నే తిరిగిస్తుంది. పీకేస్తే ఎవరి ప్రోగ్రాం ఎక్కడ కూలుతుందో!

ఇప్పుడు నా జాగారం సంగతి. మా టీముకి ఓ పాత కోడ్ అప్పజెప్పారు. అందులో లిస్టులకి రకం లేదు. 2004కి ముందు జావా లిస్టులన్నీ అంతే, ఏ వస్తువైనా లోపలికి పోతుంది. నంబర్లు ఉండాల్సిన లిస్టులో ఎక్కడో ఎవరో నంబరులాగే కనిపించే స్ట్రింగ్‌ని పెట్టారు. పెట్టినచోట చప్పుడు లేదు. ఎక్కడో దూరంగా దాన్ని తీసి నంబరు అనుకున్న నా ఫంక్షన్‌లో క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్! తప్పు ఒకడిది, తిట్లు ఇంకొకడికి. తెల్లారేదాకా వెతికాను.

2004లో జావా 5 జెనరిక్స్ తెచ్చింది. "ఇది నంబర్ల లిస్టు" అని ముందే రాస్తే, తేడా వస్తువుని కంపైలరే గుమ్మంలో ఆపేస్తుంది. అయితే పాత కోడ్ ఆగిపోకూడదు కాబట్టి, కంపైల్ అయ్యాక ఆ రకం చెరిగిపోయేట్టు పెట్టారు. రకం రాయకుండా పాత పద్ధతిలో రాస్తే హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటుంది. నా రాత్రి నిద్ర ఆ మొహమాటానికే బలయ్యింది.

2011లో జావా 7 రకాన్ని రెండుసార్లు రాసే బాధ తప్పించింది. 2017లో జావా 9 ఒక్క లైనులో నింపేసే లిస్ట్ డాట్ ఆఫ్ ఇచ్చింది, కానీ అది పెరగదు, మారదు. పెరగడం నేర్చుకున్న లిస్టుకి చివరికి పెరగకుండా ఉండటం కూడా నేర్పాల్సొచ్చిందన్నమాట!

మొదట్లో వెక్టర్‌ని చూసి "ఈ చెత్త ఇంకా ఎందుకు" అని నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వు రాదు. అది మనకి అక్కర్లేకపోయినా, దాన్ని నమ్ముకుని ఎవరిదో ప్రోగ్రాం ఇంకా నడుస్తోంది. నేను అంత తిట్టుకున్న ఆ పాత కోడ్ కూడా కొత్త జావాలో నడుస్తోందంటే కారణం అదే మొహమాటం. నేను చేసింది ఒక్కటే: ఆ లిస్టులన్నిటికీ రకాలు రాసి పెట్టాను. తర్వాత వచ్చేవాడైనా రాత్రిపూట నిద్రపోవాలి కదా.