వరుస తప్పని బెజ్జాలు

ఈజిప్టులో లక్సర్ నగరానికి ఎదురుగా, నైలు నది పడమటి గట్టున రెఖ్‌మిరె అనే మంత్రి సమాధి ఉంది. క్రీ.పూ. 1450 ప్రాంతానిది. దాని గోడల మీద ఆనాటి చేతిపనులను బొమ్మలుగా వేయించారు. అందులో ఒక వడ్రంగి కుర్చీ చట్రానికి బెజ్జాలు వేస్తుంటాడు. ఒక చేత్తో బెజ్జం తొలిచే బర్మా తలను అదిమిపట్టి, రెండో చేత్తో కమాను ఆడిస్తుంటాడు. కమాను తాడు బర్మా కర్రకు ఒక చుట్టు చుట్టుకుని ఉంటుంది. కమాను ముందుకు తోస్తే బర్మా ఒకవైపు, వెనక్కి లాగితే రెండోవైపు తిరుగుతుంది. గిర్రున తిరిగే కర్ర అరచేతిని కోసేయకుండా పైన ఒక టెంక చిప్పను బోర్లిస్తారు. అక్కడి డూమ్ తాటికాయ టెంక అందుకు బాగా పనికొచ్చేది.

ఆ కాలపు కుర్చీలు కొన్ని మ్యూజియాల్లో నేటికీ ఉన్నాయి. కూర్చునే చట్రం పొడవునా చిన్న చిన్న బెజ్జాలు వరుసగా ఉంటాయి. వాటిలోంచి తాడు దూర్చి మంచం అల్లినట్టు అల్లేవారు.

బర్మా ఈజిప్టు ఒక్కదాని సొత్తు కాదు. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో 7,500 నుంచి 9,000 ఏళ్ల కిందటే చెకుముకి మొన కట్టిన బర్మాతో మనుషుల పళ్లకు బెజ్జాలు వేశారు. తొమ్మిది మంది దవడల్లో అలాంటి పళ్లు పదకొండు దొరికాయని 2006లో పరిశోధకులు ప్రకటించారు. పంటికి బెజ్జం వేయగలిగినవాళ్లకు కర్ర ఒక లెక్కా?

అసలు చిక్కు బెజ్జం వేయడంలో లేదు, ఎడం తప్పకుండా వేయడంలో ఉంది. ప్రతి బెజ్జాన్నీ దాని ముందుదాని నుంచి కొలుచుకుంటూ పోతే, ప్రతిసారీ అర మిల్లీమీటరు ఒకే వైపు జరిగినా ఇరవయ్యో బెజ్జానికి దాదాపు సెంటీమీటరు తేడా వచ్చేస్తుంది. అందుకే పని తెలిసిన వడ్రంగి గుర్తులన్నీ ఒకే చివర నుంచి పెట్టుకుంటాడు. లేదంటే కంపాసు కాళ్లను బిగించి చట్రం మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిపిస్తాడు. ఆఖరి అడుగు కుదరకపోతే కాళ్లను కాస్త ముడిచో చాపో మళ్లీ మొదటి నుంచి నడిపిస్తాడు. ఆ తర్వాత ప్రతి గుర్తు మీదా మేకుమొనతో చిన్న గాటు పెడతాడు. గాటు లేకపోతే మొన కర్ర చార వెంట జారి పక్కకు పోతుంది.

ఈ పనితనం బాగా కనిపించేది పేము కుర్చీలో. పేము బద్దలను నిలువుగా రెండు వరసలు, అడ్డంగా రెండు వరసలు లాగి, వాటి మీద ఐమూలగా ఒక్కోవైపు ఒక్కో వరస అల్లుతారు. బెజ్జాల ఎడం సరిగ్గా ఉంటేనే ఐమూల బద్దలు నిలువు, అడ్డం బద్దలు కలిసేచోట ఒదుగుతాయి. ఒక్క బెజ్జం పక్కకు జరిగినా అక్కడి నుంచి అల్లిక అంతా వంకరపోతుంది. పైగా కుర్చీ ముందు వెడల్పు, వెనక ఇరుకు. అందుకని అంచుల్లోని బద్దలు కొన్ని వెనకదాకా పోకుండా పక్క చట్రంలోని బెజ్జాల్లోకి దిగిపోవాలి. సన్నపేముకు బెజ్జాలు దగ్గరగా, లావుపేముకు ఎడంగా పడతాయి. అంటే ఎంత ఎడం ఉండాలో చెప్పింది పేము, దాన్ని నిలబెట్టింది వడ్రంగి చెయ్యి.

17వ శతాబ్దంలో కోరమాండల్ తీరంలో పేము అల్లికతో ఎబొనీ కుర్చీలు చేసేవారు. తర్వాతి శతాబ్దంలో ఇంగ్లండు రచయిత హొరేస్ వాల్పోల్ అలాంటి కుర్చీలు కొని, అవి ట్యూడర్ రాజుల నాటి ఇంగ్లీషు పనేనని నమ్మి స్ట్రాబెర్రీ హిల్‌లోని తన ఇంట్లో పెట్టుకున్నాడు. లండన్‌లో పేము కుర్చీల మోజు 1660ల్లో మొదలైంది. ఈస్టిండియా కంపెనీ ఓడలు పేము మోసుకొచ్చేవి. తేలిక, మన్నిక, దుమ్మూ పురుగూ పట్టకపోవడం పేము కుర్చీల గుణాలు. కుర్చీలకు తొడిగే ఊలు గుడ్డలు అమ్ముకునే వర్తకులకు మాత్రం ఈ మోజు కంటగింపైంది.

18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు ఐరోపా నమూనాల్లో దంతం పొదిగిన కుర్చీలు చేశారు. వాటిలో చాలావాటికి కూర్చునే చోట పేము అల్లికే. చూసేవారి కన్ను దంతపు లతల దగ్గరే ఆగిపోతుంది. ఆ నగిషీకి ఎంత మెప్పు దక్కిందో, పక్కనే ఎడం చెదరకుండా తొలిచిన బెజ్జాల వరుసకూ అంత దక్కాల్సింది.

ఆ కొలతను చేతి నుంచి యంత్రం తీసుకున్న చోటు ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ ఓడరేవు. తెరచాపల తాళ్లకు బ్రిటిష్ నౌకాదళానికి ఏటా లక్ష కప్పీలు కావలసి వచ్చేవి. మార్క్ బ్రూనెల్ రూపకల్పన చేసిన యంత్రాలను హెన్రీ మాడ్‌స్లే తయారుచేశాడు. మొత్తం 45 యంత్రాలు. 1808కల్లా అక్కడ ఏడాదికి 1,30,000 కప్పీలు తయారయ్యాయి. నిపుణులు 110 మంది చేసే పనిని పదిమంది చేయగలిగారు. దిమ్మను బిగింపులో పెడితే చాలు, బెజ్జం ఎక్కడ పడాలో ఆ బిగింపే తేల్చేసేది. గుర్తు పెట్టే మనిషితో పని లేకపోయింది.

తర్వాతి మార్పులు త్వరత్వరగా వచ్చాయి. 1863లో అమెరికాలో స్టీఫెన్ మోర్స్ మెలితిరిగిన డ్రిల్లు బిట్టుకు పేటెంటు పొందాడు. తొలిచిన పొట్టును అదే పైకి తోసేస్తుంది. 1889లో మెల్‌బోర్న్‌లో ఆర్నాట్, బ్రెయిన్ అనే ఇద్దరు కరెంటు డ్రిల్లుకు పేటెంటు తీసుకున్నారు. నిలువు డ్రిల్లింగ్ మిషన్ బల్ల మీద ఒక పట్టీ బిగించి, కర్ర అంచును దానికి ఆనించి జరుపుతూ పోతే బెజ్జాలన్నీ ఒకే గీతలో పడతాయి. బిట్టుకు కావలసినంత ఎడంలో ఒక పిన్ను కూడా పెడితే, అప్పుడే వేసిన బెజ్జంలోకి పిన్ను దిగుతుంది, బిట్టు తర్వాతి బెజ్జం వేస్తుంది. అలమరలో అరలు నిలిపే బెజ్జాలను ఇలా వేస్తే, పిన్ను ఎడంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా రెండు పక్కపలకల్లోనూ అదే తేడా వస్తుంది కాబట్టి అర ఒరగదు. వడ్రంగంలో ఇది చాలా తేలికైన ఉపాయం.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీలో పార్టికల్ బోర్డు అలమరలు ఫ్యాక్టరీల్లో తయారుకావడం పెరిగింది. వరుస బెజ్జాలన్నీ ఒక్క దెబ్బకు వేయడానికి, పక్కపక్కనే చాలా బిట్లు ఉన్న యంత్రాలు వచ్చాయి. బిట్లను తిప్పేది పళ్లచక్రాలు. ఆ చక్రాలు, బేరింగులు పట్టాలంటే బిట్టుకూ బిట్టుకూ మధ్య 32 మిల్లీమీటర్లు ఉండాల్సి వచ్చింది. అంతకన్నా దగ్గరకు తేవడం అప్పట్లో కష్టం. ఒకదాన్నొకటి తిప్పే చక్రాలు కనుక బిట్లు ఒకటి కుడికి తిరిగితే పక్కది ఎడమకు తిరుగుతుంది. అందుకే ఆ యంత్రానికి రెండు రకాల బిట్లు కావాలి. కలిసిపోకుండా కుడిబిట్టుకు నలుపు, ఎడమబిట్టుకు ఎరుపు రంగు వేయడం అలవాటు.

అలా ఒక యంత్రం ఇరుకు ప్రపంచపు అలమరలకు కొలతైంది. 5 మి.మీ. బెజ్జం, ముందు అంచు నుంచి 37 మి.మీ. లోపలికి, బెజ్జానికీ బెజ్జానికీ 32 మి.మీ. ఆటో హింజులు, సొరుగు చానళ్లు తయారుచేసే కంపెనీలు తమ స్క్రూ బెజ్జాలను ఈ లెక్కకే సర్దుకున్నాయి. హైదరాబాదులో మాడ్యులర్ వంటగదులు చేసే షెడ్లలోనూ ఇదే లెక్క నడుస్తోంది. పెద్ద యంత్రం కొనలేని చిన్న వడ్రంగి బెజ్జాల చోటు చూపే ఇనుప జిగ్గు బిగించి, చేతి డ్రిల్లుతో అదే వరుస దింపుతున్నాడు. ఇంటికి అలమర చేయించుకునేవారు ఆ జిగ్గు ఉందా అని ఒక మాట అడగడం మంచిది. రేపు హింజు పాడైతే మార్చేది అదే బెజ్జాల్లో కాబట్టి.

నేటి కంప్యూటరు యంత్రం ఒక్క బిట్టుతో ఏ ఎడంలోనైనా బెజ్జం వేయగలదు. పళ్లచక్రాల ఇబ్బంది దానికి లేదు. అయినా అలమర పక్కపలకలకు అది వేస్తున్నది 32 మిల్లీమీటర్ల ఎడంలోనే.