గూడెం రన్‌వే

గన్నవరం విమానాశ్రయం నుంచి రాజమండ్రి మధురపూడికి గాల్లో తిన్నగా పోతే సుమారు 126 కిలోమీటర్లు. ఇందులో నాకు ముచ్చటేసిన సంగతి వేరే ఉంది. దారిలో తాడేపల్లిగూడెం మీదుగా ఓ చిన్న వంపు తిరిగి వెళ్లినా అదనంగా పడేది రెండు మూడు కిలోమీటర్లే. ఆ గూడెంలోనూ దాదాపు రెండు కిలోమీటర్ల రన్‌వే ఉంది. లేనిదల్లా విమానమే!

తెలుగువాళ్లకు విమానం పరిచయమైంది టపా పుణ్యమా అని. 1932 అక్టోబరులో టాటాల కరాచీ-మద్రాసు టపా విమానం మొదలైనప్పుడు మన బళ్లారిలో దిగేది. మనవైపు రన్‌వేలు వచ్చింది మాత్రం యుద్ధభయంతో.

1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. రెండు వారాలు తిరిగేసరికి అండమాన్లూ పోయాయి. ఏప్రిల్ 5న కొలంబో మీద బాంబులు పడ్డాయి. మర్నాడు ర్యూజో అనే నౌక మీద నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులేశాయి. కాకినాడ నుంచి గూడెం ఎంత దూరమని? మద్రాసు సగం ఖాళీ అయింది. సముద్రం అవతలి యుద్ధం మన గుమ్మంలోకి వచ్చేసింది. ఆ రోజుల్లో బ్రిటిషువాళ్లు వేసిందే గూడెం రన్‌వే. చోటు బాగానే చూసుకున్నారు: మద్రాసు-కలకత్తా రైలు మార్గం పక్కనే, డెల్టా చిత్తడి అయిపోయి మెట్ట మొదలయ్యే అంచున. అదే కొల్లేరు దిగువకు పోతే చక్రం దిగబడుతుంది. అక్కడ దిగడం ఆటపాక గూడబాతులకే చేతనవును, వాటికి రన్‌వేతో పనిలేదు మరి.

యుద్ధం అయిపోయింది. గన్నవరం కూడా ఒకప్పటి సైనిక స్థావరమే, దాని రాత బాగుండి విమానాశ్రయమైంది. గూడెం రన్‌వే మాత్రం పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లకూ, క్రికెట్ పిల్లలకూ మిగిలింది. చుట్టూ ఇళ్లు లేచాయి. ఊరి పేరు చెబితే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది ఉల్లి మార్కెట్టే.

ఆనాటి డకోటా గంటకు 250 కిలోమీటర్ల చొప్పున పోయినా గన్నవరం నుంచి మధురపూడికి అరగంట. ఇప్పటి ఏటీఆర్ అయితే పావుగంటలో దాటేస్తుంది, బెల్టు పెట్టుకుని తీసేయడానికే సరి. జాతీయ రహదారి మీద కారులో రెండు గంటల పైచిలుకు. ఎయిర్‌పోర్టుకు ముందుగా చేరుకుని తనిఖీలో నిలబడే సమయం కలిపితే కారే గెలుస్తుంది.

రాష్ట్రంలో కొత్త విమానాశ్రయాల ప్రతిపాదనల్లో గూడెం పేరూ ఉంది. అటూ ఇటూ రెండు విమానాశ్రయాలుండగా మధ్యలో మూడోది ఎందుకన్నది నా మాట. దాని బదులు రన్‌వే ఆక్రమణల పాలు కాకుండా కాపాడి, దాని కథ నాలుగు ముక్కల్లో ఓ బోర్డు మీద రాయిస్తే చాలు. మీ ఇంట్లో ఏరోడ్రం పనికి వెళ్లిన తాతల కబుర్లు ఉంటే, అవి మరుగున పడకముందే కాగితం మీద పెట్టండి.