ఓటు గవర్నరు, ఉత్తర్వు గవర్నరు

గవర్నరు: రాష్ట్రాధిపతి. ఈ మాట భారతదేశంలోనూ అమెరికాలోనూ ఒకటే, ఉద్యోగాలు మాత్రం వేరు. అమెరికాలో 50 రాష్ట్రాల గవర్నర్లూ జనం వేసిన ఓటుతో వస్తారు. పాలన నడిపేదీ వాళ్లే, శాసనసభ పంపిన బిల్లు నచ్చకపోతే వీటో చేసేదీ వాళ్లే. మన లెక్కలో చెప్పాలంటే ముఖ్యమంత్రినీ రాజ్‌భవన్‌నూ ఒక్క మనిషిలో కలిపితే అమెరికా గవర్నరు. ఇక్కడ గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు, రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలమే ఆ కుర్చీ. అందుకే తిరుప్పూరు బనియన్ కంపెనీలో పనిచేసే మనిషికి ‘గవర్నరు ఎన్నిక’ అంటే వింతగా వినిపిస్తుంది. ఎమ్మెల్యేకి ఓటేశాడు, ఎంపీకి ఓటేశాడు, కార్పొరేషన్‌కి ఓటేశాడు. గవర్నరు పేరు మాత్రం పేపర్లోనే చూస్తాడు. తమిళ పత్రికలు ఆ పదవిని ‘ఆళునర్’ అంటాయి, అంటే ఏలేవారు. ఏలికకీ ఓటుకీ మధ్య ఇంత దూరం ఎలా వచ్చిందన్నదే ఈ పదవి చరిత్ర.

నిజానికి కోయంబత్తూరు, మదురై సీమల్లో తెలుగువాళ్లు స్థిరపడిన కథ మొదలయిందే పైనుంచి వచ్చిన పాలకుడితో. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైకి విజయనగరం పంపిన అధికారిగా వచ్చాడు. చక్రవర్తి మాటకోసం కన్నతండ్రి నాగమ నాయకుణ్ణే పట్టి తెచ్చాడని ఆయన గురించి ఒక కథ చెబుతారు. నిజమెంతో గానీ, నియమించినవాడికి విధేయుడుగా ఉండటమే ఆ ఉద్యోగానికి అర్హత అని ఆ కథ చెప్పేవాళ్లు అనుకున్నారన్నది స్పష్టం. ఆయన కాలంలో మంత్రి అరియనాథ మొదలియారు సీమను 72 పాళెయాలుగా పంచాడంటారు. వాటిలో చాలావాటికి తెలుగు మాట్లాడే నాయకులే పాళెగాళ్లు. ఇప్పటి తిరుప్పూరు జిల్లాలోని ఉడుమలపేట దగ్గరి తళి పాళెయం అలాంటిదే. విజయనగరం బలం తగ్గాక మదురై నాయకులు తమంతట తామే రాజులయ్యారు. 1736లో మీనాక్షి పాలన ముగిసేదాకా ఆ వంశం నిలిచింది. ఉత్తర్వుతో వచ్చిన అధికారి వంశం రెండు వందల ఏళ్లు ఏలిందన్నమాట.

ఇంగ్లీషువాళ్ల కాలంలో మద్రాసు గవర్నరు లండన్ నుంచి వచ్చేవాడు. 1936లో మాత్రం లార్డ్ ఎర్స్కిన్ సెలవు మీద వెళ్లినప్పుడు కొన్ని నెలలపాటు ఆ కుర్చీలో ఒక తెలుగువాడు కూర్చున్నాడు: రాజమండ్రికి చెందిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు. మరుసటి ఏడు ఆయనకే ఇంకో విచిత్రమైన అవకాశం వచ్చింది. 1937 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 215 స్థానాల్లో కాంగ్రెస్ 159 గెలిచింది, కానీ గవర్నరు తన ప్రత్యేకాధికారాలు వాడనని మాట ఇస్తేనే మంత్రివర్గం ఏర్పాటు చేస్తామని భీష్మించింది. ఆ సందులో ఏప్రిల్ 1 నుంచి జులై 14 దాకా వెంకటరెడ్డి నాయుడే ప్రధానమంత్రిగా తాత్కాలిక ప్రభుత్వం నడిపారు. అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని ప్రధాని అనేవారు. గవర్నరుగా, ప్రధానిగా రెండు వైపులా కూర్చుని చూసినవారు ఆయన. గెలిచినవాళ్లు గవర్నరును చూసి అనుమానపడటం రాజ్యాంగం కంటే పాత అలవాటని ఆ మూడున్నర నెలలే సాక్ష్యం.

అమెరికావాళ్లకీ ఈ అనుమానం కొత్తది కాదు. వలస కాలంలో చాలాచోట్ల గవర్నరు ఇంగ్లండు రాజు మనిషి. 1776లో స్వాతంత్ర్యం ప్రకటించాక చాలా రాష్ట్రాలు ఆ పదవి పళ్లు పీకేశాయి. పెన్సిల్వేనియా అయితే గవర్నరే వద్దని ఒక మండలిని పెట్టుకుంది. ఎక్కువచోట్ల శాసనసభే గవర్నరును ఎన్నుకునేది. న్యూయార్క్ మాత్రం 1777లోనే జనం ఓటుకు పెట్టింది. వర్జీనియా 1851 దాకా ఆగింది. మేరీల్యాండ్‌లో 1838 నుంచి ఓటర్లే నేరుగా ఎన్నుకుంటున్నారు. ఇప్పుడు న్యూ హ్యాంప్‌షైర్, వెర్మాంట్‌లలో రెండేళ్లకు, మిగతా 48 రాష్ట్రాల్లో నాలుగేళ్లకు ఒకసారి ఈ ఎన్నిక జరుగుతుంది. ఓటుతో వచ్చినవాళ్లను కొన్నిచోట్ల ఓటుతోనే దించవచ్చు కూడా. 2003 అక్టోబరులో కాలిఫోర్నియా ఓటర్లు గవర్నరు గ్రే డేవిస్‌ను మధ్యలోనే ఇంటికి పంపి, అదే రోజు అదే బ్యాలెట్ మీద సినిమా నటుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్‌ను ఎన్నుకున్నారు.

మన దేశం కూడా ఒక దశలో ఆ దారికే వచ్చిందని చాలామందికి తెలియదు. 1947 జులైలో వల్లభ్‌భాయ్ పటేల్ అధ్యక్షతన ఉన్న ప్రాంతీయ రాజ్యాంగ కమిటీ, గవర్నరును వయోజన ఓటుతో జనమే నేరుగా ఎన్నుకోవాలని సిఫారసు చేసింది. రాజ్యాంగ సభ ఒప్పుకుంది కూడా. 1948 ముసాయిదాకు వచ్చేసరికి ఊగిసలాట మొదలయింది. నేరుగా ఎన్నిక ఒక దారి, శాసనసభ్యులు నలుగురి పేర్లు ఎంచి పంపితే రాష్ట్రపతి ఒకరిని తీసుకోవడం రెండో దారి అని అందులో రెండూ రాసి పెట్టారు.

తీర్పు 1949 మే 30, 31 తేదీల్లో పడింది. నియామకమే మేలని బ్రజేశ్వర్ ప్రసాద్ సవరణ తెచ్చారు. దాన్ని సమర్థించినవారిలో నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టి మద్రాసులో పెద్ద వకీలుగా ఎదిగిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు ఒకరు. ముసాయిదా కమిటీ సభ్యుడైన ఆయన వాదన సూటిగా ఉంటుంది: శాసనసభకు జవాబుదారీ అయిన మంత్రివర్గం ఒకవైపు, రాష్ట్రమంతా ఓటేసి గెలిపించిన గవర్నరు ఇంకోవైపు ఉంటే ఇద్దరి మధ్య రాపిడి తప్పదు. ఒక ఒరలో రెండు కత్తులన్నమాట. నెహ్రూ భయం వేరు. రాష్ట్రాలన్నీ సొంత అధిపతులను ఎన్నుకుంటూ పోతే వేర్పాటు ధోరణి పెరుగుతుందని ఆయన అన్నారు. అంబేద్కర్ మాటలో కొంచెం చమత్కారం ఉంది: అధికారాలే లేని ఈ అలంకారప్రాయమైన పదవికోసం ఎన్నికల్లో నిలబడేవాళ్లు ఎవరుంటారని ఆయన సందేహం. సవరణ నెగ్గింది. రాజ్యాంగం 155వ అధికరణంలో నియామకం, 156లో రాష్ట్రపతి ఇష్టం, అయిదేళ్ల గడువు వచ్చి కూర్చున్నాయి.

అలంకారప్రాయం అనుకున్న పదవి బలం ఎంతో మూడేళ్లలోనే తేలింది. తేలింది కూడా తెలుగు, తమిళ సీమలు కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రంలోనే. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో 375 స్థానాల సభలో కాంగ్రెస్‌కు 152 మాత్రమే వచ్చాయి. కమ్యూనిస్టులు, కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ, మరికొందరు కలిసి ఐక్య ప్రజాస్వామ్య కూటమి కట్టారు. దానికి నాయకుడు టంగుటూరి ప్రకాశం పంతులు. తమవైపు 166 మంది ఉన్నారని, మంత్రివర్గం ఏర్పాటుకు తమనే పిలవాలని వాళ్లు కోరారు. గవర్నరు శ్రీప్రకాశ పిలిచింది రాజగోపాలాచారిని. ఆయన ఎన్నికల్లో పోటీ చేయలేదు. గవర్నరు ఆయన్ను శాసనమండలికి నామినేట్ చేయగా ఏప్రిల్ 10న ముఖ్యమంత్రి అయ్యారు. ఒక ప్రకాశం పిలుపు కోసం చూస్తుంటే ఇంకో ప్రకాశుడు వేరొకరిని పిలిచాడు. జైల్లో ఉండగానే మదురై నుంచి గెలిచిన కమ్యూనిస్టు నేత పి. రామమూర్తి హైకోర్టుకెక్కినా లాభం లేకపోయింది. జులై 3న విశ్వాస పరీక్షలో రాజాజీకి అనుకూలంగా 200, వ్యతిరేకంగా 151 ఓట్లు పడ్డాయి. మరుసటి ఏడు ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది, ప్రకాశం అక్కడ తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

గవర్నరు పదవి మీద తెలుగువాళ్లకున్న కోపానికి మాత్రం ఒక తేదీ ఉంది: 1984 ఆగస్టు 16. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చిన ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావును గవర్నరు రామ్‌లాల్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. బలం ఎవరిదో సభలో తేల్చాలన్న మాట వినలేదు. రామారావు ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. నెల తిరగకముందే రామ్‌లాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ వచ్చారు, సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. బలం సభలోనే తేలాలని 1994లో సుప్రీంకోర్టు బొమ్మై కేసులో చెప్పింది. తెలుగు జనం దానికి పదేళ్ల ముందే వీధుల్లో ఆ మాట అనేశారు.

గవర్నరు బయటి రాష్ట్రం మనిషి అయి ఉండాలన్నది ఆనవాయితీ. సర్కారియా కమిషన్ 1988 నివేదిక కూడా అదే చెప్పింది. ఈ ఆనవాయితీ పుణ్యమా అని చెన్నై రాజ్‌భవన్‌కు తెలుగువాళ్లు వరసకట్టారు. మర్రి చెన్నారెడ్డి 1993లో వచ్చారు. అప్పటి ముఖ్యమంత్రి జయలలితను ప్రాసిక్యూట్ చేయడానికి 1995లో అనుమతి ఇచ్చారు. శాసనసభ ఆయన్ను వెనక్కి పిలవమని తీర్మానం చేసినా కదల్లేదు, 1996 డిసెంబరులో పదవిలో ఉండగానే కన్నుమూశారు. తర్వాత పి.ఎస్. రామమోహనరావు 2002 నుంచి 2004 దాకా ఉన్నారు. 2011లో వచ్చిన కొణిజేటి రోశయ్యది వేరే తరహా: అయిదేళ్లూ పూర్తిచేశారు, మూడుసార్లు ముఖ్యమంత్రి ప్రమాణం చేయించారు, గొడవ మాత్రం ఒక్కటీ లేదు. ఆయన తర్వాత మహారాష్ట్ర గవర్నరు చెన్నమనేని విద్యాసాగరరావుకు తమిళనాడు అదనపు బాధ్యతగా వచ్చింది. జయలలిత మరణం తర్వాత, 2017 ఫిబ్రవరిలో పన్నీర్‌సెల్వం, శశికళ వర్గాలు తలపడుతుంటే, ఆయన ముంబయి నుంచి ఎప్పుడు దిగుతారా అని రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. చివరికి ఫిబ్రవరి 16న ఆయన పళనిస్వామితో ప్రమాణం చేయించారు.

బాకీ తీర్చినట్టు తిరుప్పూరు కూడా తెలుగు నేలకు ఒక గవర్నరును పంపింది. సి.పి. రాధాకృష్ణన్ 1957లో ఇక్కడే పుట్టారు. తిరుప్పూరుకు అప్పటికి సొంత లోక్‌సభ స్థానం లేదు (2009లో వచ్చింది), కోయంబత్తూరు స్థానంలో భాగంగా ఉండేది. ఆ స్థానం నుంచి ఆయన 1998లో, 1999లో బీజేపీ తరఫున గెలిచారు. తర్వాత మూడుసార్లు అక్కడే ఓడిపోయారు. ఓట్లు కాదన్న మనిషిని ఉత్తర్వు పిలిచింది: 2023లో జార్ఖండ్ గవర్నరు, 2024 మార్చిలో తమిళిసై సౌందరరాజన్ రాజీనామా తర్వాత తెలంగాణ అదనపు బాధ్యత, జులైలో మహారాష్ట్ర. 1956 నాటి ఏడో సవరణ ఒక్కరినే రెండు రాష్ట్రాలకు గవర్నరుగా పెట్టుకోవచ్చంది కాబట్టి రాంచీ, హైదరాబాదు రెండూ ఆయనవే అయ్యాయి. 2025 సెప్టెంబరు 9న ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఆయనకు 452 ఓట్లు, ప్రత్యర్థికి 300 వచ్చాయి. ఆ ప్రత్యర్థి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి బి. సుదర్శన్ రెడ్డి, తెలంగాణవారు.

తిరుప్పూరుకు అమెరికా అంటే ముందు ఆర్డర్లు, తర్వాతే రాజకీయాలు. 2025 ఆగస్టులో భారత సరుకు మీద సుంకం 50 శాతానికి ఎగబాకినప్పుడు ఇక్కడి నిట్‌వేర్ ఎగుమతిదారులకు నిద్ర పట్టలేదు. ఆ సుంకం మీద ఏ గవర్నరుకూ అధికారం లేదు, అది వాషింగ్టన్ పని. రోడ్లు, బడులు, పోలీసు, రాష్ట్ర పన్నులు మాత్రం అక్కడి గవర్నరు పరిధిలోనివి. ఆ కుర్చీ పక్కదాకా చేరిన తెలుగింటి ఆడపడుచు అరుణా మిల్లర్. కాట్రగడ్డ వారి అమ్మాయిగా 1964లో హైదరాబాదులో పుట్టి, ఏడేళ్ల వయసులో అమెరికా వెళ్లారు. సివిల్ ఇంజనీరుగా మాంట్‌గోమరీ కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్లు పనిచేశారు. 2010లో మేరీల్యాండ్ ప్రతినిధుల సభకు గెలిచారు. 2018లో అమెరికా కాంగ్రెస్‌కు డెమొక్రటిక్ ప్రైమరీలో ఓడిపోయారు. 2022లో గవర్నరు అభ్యర్థి వెస్ మూర్ తన వెంట లెఫ్టినెంట్ గవర్నరుగా నిలబెట్టగా గెలిచి, భగవద్గీత మీద ప్రమాణం చేశారు. మేరీల్యాండ్‌కు తొలి నల్లజాతి గవర్నరు మూర్, వలస వచ్చినవారిలో తొలి లెఫ్టినెంట్ గవర్నరు ఆమె.

మేరీల్యాండ్‌లో ఈ రెండో కుర్చీ కథ కూడా చిత్రమైనదే. 1864 రాజ్యాంగంలో పెట్టారు, 1867లో తీసేశారు, 1970లో మళ్లీ తెచ్చారు. గవర్నరు అప్పగించిన పనులు తప్ప దానికి సొంత అధికారాలు లేవు. ఇద్దరికీ కలిపి ఒకే ఓటు. గవర్నరు వరసగా రెండు పర్యాయాలకు మించి ఉండకూడదు. 2026 నవంబరు 3న, మంగళవారం, మేరీల్యాండ్‌తో కలిపి 36 రాష్ట్రాల్లో గవర్నరు ఎన్నికలు. మూర్ రెండో పర్యాయానికి పోటీలో ఉన్నారు. గెలిచినవాళ్లు అనాపొలిస్‌లో ప్రమాణం చేసేది జనవరి మూడో బుధవారం, అంటే 2027 జనవరి 20న.