స్కిజోఫ్రీనియా: వివాహ చట్టం, సామాజిక దృష్టి

స్కిజోఫ్రీనియా ఆలోచన, గ్రహింపు, నడవడి దెబ్బతినే తీవ్ర మానసిక వ్యాధి. ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, తనపై కుట్ర జరుగుతోందని గట్టిగా నమ్మడం, మాటల్లో పొంతన తప్పడం, మెల్లగా మనుషులకూ పనులకూ దూరమవడం దీని ముఖ్య లక్షణాలు. చాలామందిలో ఇది యుక్తవయసు చివర్లోనో ఇరవైల్లోనో, అంటే సంబంధాలు చూసే వయసులోనే బయటపడుతుంది. దీన్ని విడి వ్యాధిగా గుర్తించిన ఘనతను జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్‌కు ఇస్తారు. ఆయన పాఠ్యగ్రంథం కూర్పు కూర్పుకూ మారినందున ఏడాది విషయంలో 1893, 1896, 1899 అని మూడు మాటలున్నాయి. ఉన్మాద-విషాద వ్యాధి నుంచి దీన్ని స్పష్టంగా విడదీసింది ఆరో కూర్పు కాబట్టి 1899కే మొగ్గు చూపడం సబబు. ఇప్పటి పేరు యూజెన్ బ్లాయిలర్ 1908లో పెట్టింది.

మన దేశంలో ఈ వ్యాధి పట్ల ఉన్న దృష్టి హిందూ వివాహ చట్టంలో తేటగా కనిపిస్తుంది. 1976 సవరణతో, 13వ సెక్షన్‌లో విడాకులకు కారణమైన 'మానసిక రుగ్మత' వివరణలోకి స్కిజోఫ్రీనియా పేరుతో సహా చేరింది. డిప్రెషన్, బైపోలార్ వ్యాధుల పేర్లు అందులో లేవు. అయితే రుగ్మత ఉంటే చాలదు, కలిసి కాపురం చేయడం సాధ్యం కానంత తీవ్రంగా ఉండాలన్నది అదే సెక్షన్ షరతు. 1988లో సుప్రీంకోర్టు ఈ షరతునే పట్టుకుని, వ్యాధి పేరు ఒక్కటే విడాకులకు ఆధారం కాదంది. 2013లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన వైద్య దంపతుల కేసులోనూ అదే జరిగింది. కింది కోర్టు భర్తకు విడాకులిస్తే హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు దాన్నే ఖాయపరచింది. భార్య పీజీ డిప్లొమా పూర్తిచేసి ప్రభుత్వ వైద్యాధికారిగా పనిచేస్తుండటం ఆ తీర్పులో గట్టి సాక్ష్యమైంది. రోగనిర్ధారణ కాగితం కన్నా ఆమె రోజూ చేస్తున్న ఉద్యోగమే ఎక్కువ చెప్పిందన్నమాట.

చట్టంలోంచి ఈ పేరు తీసేస్తే జీవిత భాగస్వామి పడే బాధ మాటేమిటన్న అభ్యంతరం తేలిగ్గా తోసిపుచ్చదగింది కాదు. వ్యాధి ముదిరిన దశలో ఆ భారం నిజంగానే పెద్దది. కానీ దానికి తీవ్రత షరతు ఎలాగూ ఉంది. పేరు అదనంగా చేసే మేలు కనబడదు. కుష్ఠును 2019 సవరణ విడాకుల కారణాల్లోంచి తీసేసింది. స్కిజోఫ్రీనియా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. వంశపారంపర్యం భయం ఇంకొకటి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు పదిశాతం. ఒకే జన్యువులున్న కవలల్లో సైతం ఒకరికి వస్తే రెండోవారికి వచ్చేది దాదాపు సగం సందర్భాల్లోనే.

పేరు ఉండాలనేవారికి, వ్యాధిని దాచిపెట్టి పెళ్ళి చేస్తున్నారన్నది అన్నిటికన్నా బలమైన వాదన. దాచడం నిజమే, కానీ పేరు బయటపడితే సంబంధం తప్పిపోతుందనే దాస్తారు. 'పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళి అయితేగాని పిచ్చి కుదరదు' అన్న సామెతలోని రెండో సగాన్ని నిజంగా నమ్మేవారూ తక్కువేం కాదు. అత్తవారింట మాత్రలు కనబడకూడదని కోడలు వాటిని ఆపేస్తే వ్యాధి తిరగబెడుతుంది. ఆ తిరగబెట్టడమే తర్వాత కోర్టులో ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది. చెన్నైలో స్కిజోఫ్రీనియా ఉండి కాపురం చెడిన స్త్రీలపై 2003లో వెలువడిన అధ్యయనంలో, వ్యాధి కన్నా భర్త వదిలేశాడన్న మచ్చే తమను ఎక్కువ బాధిస్తోందని వారూ, వారి కుటుంబాలూ తరచుగా చెప్పారు.