ఫిబ్రవరి 30 వచ్చిన దేశం

డిసెంబరులో ఒకరోజు పొద్దున ఏడున్నరకి అమ్మ వీడియో కాల్ చేసింది. విజయవాడలో అప్పటికి మిట్టమధ్యాహ్నం పన్నెండు. నా వెనక కిటికీలో కటిక చీకటి చూసి కంగారుపడింది. "ఇంకా తెల్లారలేదా మీకు? పిల్ల చీకట్లోనే బడికి పోతుందా?" పోతుందమ్మా అన్నాను. ఇక్కడ పిల్లలందరి కోట్లకీ ఒక రిఫ్లెక్టర్ బిళ్ల వేలాడుతూ ఉంటుంది, కారు లైటు పడితే తళుక్కుమంటుంది. అది కెమెరా ముందు ఆడించి చూపిస్తే గాని అమ్మ మనసు కుదుటపడలేదు.

నేనుండేది స్వీడన్‌లో, స్టాక్‌హోమ్‌కి ఉత్తరాన ఉన్న ఉప్సాలాలో. డిసెంబరు చివర్లో ఇక్కడ పగలు ఆరు గంటలు కూడా ఉండదు. జూన్‌లో దాదాపు పందొమ్మిది గంటలు. భూమి అక్షం 23.4 డిగ్రీలు ఒరిగి ఉందని చిన్నప్పుడు మనమంతా బడిలో చదువుకున్నదే. కానీ విజయవాడలో అతి పెద్ద పగలుకీ అతి చిన్న పగలుకీ తేడా రెండు గంటలే. ఆ ఒరుగుదల మన బతుకులో పెద్దగా తగలదు. ఇక్కడ మాత్రం ఇంటి కట్టడం, పండుగ, నిద్ర, చివరికి దేశ చరిత్ర కూడా దాని చుట్టూనే తిరిగాయి.

అమ్మ అడిగిన ఇంకో మాట: "సూర్యుడికి దూరంగా ఉన్నారు గనకనా మీకంత చలి?" కాదు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, ఇక్కడ మంచు గడ్డకట్టి ఉన్నప్పుడే. ఆ రోజుల్లో ఉత్తరార్ధగోళం సూర్యుడికి అవతలి వైపు ఒరిగి ఉంటుంది. డిసెంబరు నడి మధ్యాహ్నం ఉప్సాలాలో సూర్యుడు దిక్చక్రం మీద ఏడు డిగ్రీలైనా లేవడు. నా నీడ నాకు ఎనిమిది రెట్లు పొడుగు. అదే వెలుతురు అంత నేల మీద పరుచుకుంటే ఇక వెచ్చదనం ఎక్కడిది! విచిత్రమేమిటంటే, ఇక్కడి నడివేసవి మధ్యాహ్నపు సూర్యుడు కూడా విజయవాడలో డిసెంబరు మధ్యాహ్నపు సూర్యుడి కంటే కాస్తే ఎత్తు. అయినా పంట పండుతోందంటే ఆ పందొమ్మిది గంటల పగలు పుణ్యమే.

ఈ సూర్యుడి సంగతేమిటో తేల్చుకోవాలని ఇక్కడి రాజుకే అనిపించింది. 1694 జూన్‌లో పదకొండో కార్ల్ ఉత్తరాన తోర్నియో దాకా ప్రయాణం చేసి, చర్చి గంటల గోపురం ఎక్కి అర్ధరాత్రి సూర్యుడి కోసం చూశాడు. ఆ ఊరు ఇప్పుడు ఫిన్లాండ్‌లో ఉంది. అది ఆర్కిటిక్ వృత్తానికి సుమారు ఎనభై కిలోమీటర్లు దక్షిణాన ఉంది కాబట్టి లెక్క ప్రకారం అక్కడ సూర్యుడు అస్తమించాలి. మరుసటి ఏడు రాజు ఇద్దరు పండితుల్ని, బిల్బెర్గ్‌నీ స్పోలేనీ, ఆ విషయం పరిశీలించమని పంపాడు. దిక్చక్రం దగ్గర గాలి వెలుతురుని అర డిగ్రీకి పైగా వంచుతుంది. అందుకే కిందికి జారిన సూర్యుడు కూడా అంచు పైకి కనిపిస్తాడు.

ఆ స్పోలే కూతురి కొడుకే ఆండర్స్ సెల్సియస్. మనం ఎండ వేడి చెప్పుకునే డిగ్రీల సెల్సియస్ ఆయనే. 1736లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మోపెర్తూయీ బృందంతో కలిసి ఆయన కూడా భూమి ఆకారం తేల్చడానికి అదే తోర్నియో లోయకి వెళ్లాడు. గిర్రున తిరిగే భూమి నడుం దగ్గర ఉబ్బి, ధ్రువాల దగ్గర అణిగి ఉండాలన్నాడు న్యూటన్. పారిస్‌లో కాసిని అనే ఖగోళజ్ఞుడి వర్గం ధ్రువాల వైపు సాగి ఉందంది. డిసెంబరులో, గడ్డకట్టిన నది మీద, కర్రలు వరసగా పేర్చుకుంటూ సుమారు పద్నాలుగు కిలోమీటర్లు కొలిచారు. ఆ కొలత ఆధారంగా లెక్కేస్తే, అక్షాంశంలో ఒక డిగ్రీ పొడుగు ఫ్రాన్సులో కంటే అక్కడ ఎక్కువని తేలింది. న్యూటన్ మాటే నిలిచింది. పగలు అంత కొద్దిసేపే ఉండే నెలలో, ఆ చలిలో, వేళ్లు కొంకర్లు పోతుంటే కొలిచిన ఆ మనుషుల్ని తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 1741లో సెల్సియస్ కట్టించిన వేధశాల మా ఊరి నడిబొడ్డున వీధికి అడ్డదిడ్డంగా నిలబడి ఉంది, పాత వీధుల వరసలో. కూరలకి వెళ్లినప్పుడల్లా దాని ముందు నుంచే నడుస్తాను.

ఇక క్యాలెండరు కథ. జూలియన్ లెక్కలో ఏడాది, అసలు ఏడాది కంటే పదకొండు నిమిషాలు ఎక్కువ. శతాబ్దాలు గడిచేసరికి తేదీలు రుతువుల వెనక పడ్డాయి. దాన్ని సరిచేసిన కొత్త లెక్కకి మారాలంటే ఒక్కసారిగా పదకొండు రోజులు కొట్టేయాలి, దానికి స్వీడన్‌కి మనసొప్పలేదు. 1700 నుంచి 1740 దాకా వచ్చే పదకొండు లీపు రోజుల్నీ మానేస్తూ నెమ్మదిగా సర్దుకుందామనుకున్నారు. 1700లో ఒకటి మానేశారు. అంతలో రష్యాతో యుద్ధం మొదలైంది. 1704, 1708ల్లో లీపు రోజు మానడం జరగలేదు. దాంతో స్వీడన్ తేదీ రష్యాతోనూ కలవలేదు, మిగతా ఐరోపాతోనూ కలవలేదు. చివరికి పన్నెండో కార్ల్ పాత లెక్కకే తిరిగి పొమ్మన్నాడు. మానేసిన రోజుని పూడ్చడానికి 1712లో ఫిబ్రవరికి 30 రోజులు వచ్చాయి. ఆ రోజు పుట్టినవాళ్లకి ఆ తేదీ మళ్లీ రాలేదు. ఇంకో నలభై ఏళ్లు గడిచాక, 1753లో, ఫిబ్రవరి 17 మర్నాడే మార్చి 1 అయింది.

ఆ పాత లెక్క గుర్తొకటి ఇంకా బతికే ఉంది. డిసెంబరు 13న లూసియా పండుగ. తెల్లని గౌను, నడుముకి ఎర్ర పట్టీ, తల మీద దీపాల కిరీటం పెట్టుకున్న లూసియా ముందు నడుస్తుంటే, పిల్లలు చీకట్లో పాడుతూ వరసగా వస్తారు. కుంకుమపువ్వు వేసి చేసిన బన్నులు పంచుతారు. అది ఏడాదిలోకెల్లా పొడుగు రాత్రని పల్లెల్లో నమ్మేవారు. పద్నాలుగో శతాబ్దంలో నిజంగానే అంతే. తర్వాత క్యాలెండరు మారింది, పండుగ మాత్రం తన తేదీ వదల్లేదు.

అది విన్నప్పుడు నాకు మన సంక్రాంతి గుర్తొచ్చింది. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది నిజానికి డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం మకర సంక్రాంతి చేసుకునేది జనవరి 14, 15 తేదీల్లో. మనది క్యాలెండరు పొరపాటు కాదు. భూమి అక్షం బొంగరంలా తల తిప్పుతూ ఒక చుట్టుకి సుమారు 26,000 ఏళ్లు తీసుకుంటుంది. మన పంచాంగం నక్షత్రాల్ని బట్టి రాశి లెక్కేస్తుంది గనక సుమారు 72 ఏళ్లకి ఒక రోజు చొప్పున ఆ రెండూ ఎడమవుతూ వచ్చాయి. పదిహేడు వందల ఏళ్ల కిందట రెండూ ఒకే రోజు.

మా వంటింటి కిటికీ దక్షిణం వైపు. శీతాకాలపు ఎండ అయిదు మీటర్ల గది దాటి ఎదుటి గోడ మీద పడుతుంది. డిసెంబరు 21 మధ్యాహ్నం ఆ ఎండ పై అంచు దగ్గర మా అమ్మాయి పెన్సిల్‌తో గీత గీసింది. సంక్రాంతి రోజు మబ్బు లేదు. అమ్మ మళ్లీ కాల్ చేసింది, అరిసెల పళ్లెం చూపించడానికి. ఫోన్ గోడ వైపు తిప్పాను. ఎండ ఆ గీతకి జానెడు కిందికి దిగి ఉంది.