బామియాను బుద్ధప్రతిమలు - ఛాయాపటప్రమాణము

ఆఫ్గనిస్థానమున బామియాను లోయయందలి కొండచఱియలో రెండు మహాబుద్ధవిగ్రహములు తొలువఁబడి యుండెను. వానిలోఁ బెద్దది యించుమించు 55 మీటర్ల యెత్తును, చిన్నది 38 మీటర్ల యెత్తును గలవి. క్రీ. శ. ఏడవ శతాబ్దమున చీనా యాత్రికుఁడగు హ్యూన్‌త్సాంగు వీనిని దర్శించి వర్ణించెను. రెండు దశాబ్దములకు మించిన యుద్ధములచే జర్జరితమైన యా దేశమున 2001వ సంవత్సరము మార్చి నెలలో తాలిబానులు వీనిని మందుగుండుతోఁ బేల్చివైచిరి. శూన్యములగు గూళ్లును, శకలరాశులును మాత్రము మిగిలెను.

మాతృక నశించిన గ్రంథమును ప్రత్యంతరములఁ బట్టి పరిష్కరించుట పండితుల కెఱుకయే. ఈ విగ్రహవిషయమునను అట్టి పరిష్కరణమే జరిగెను. జ్యూరిచ్ నగరమందలి సాంకేతికవిద్యాలయమున గ్రూయెన్ ప్రభృతులు పెద్దవిగ్రహముయొక్క రూపమును గణకయంత్రమున మరల నిర్మింపఁబూనిరి. వారికి మూఁడువిధములగు ఛాయాపటములు లభించెను: ఇంటర్నెట్టునుండి గ్రహించినవి కొన్ని, యాత్రికుఁ డొకఁడు తీసినవి కొన్ని, 1970లో ఆస్ట్రియా దేశపు ఆచార్యుఁడు కోస్ట్కా కొలతలకొఱకే యేర్పడిన కెమెరాతోఁ దీసినవి కొన్ని. ఒకే బిందువు వేర్వేఱు తావులనుండి తీసిన పటములలో నెచ్చటెచ్చటఁ గానవచ్చునో గుర్తించి, ఆ దృష్టిరేఖలు కలియు చోటును గణించుటయే యీ శాస్త్రమున కాధారము. మొదటి రెండు తెగలవలన స్థూలాకారము తెలియవచ్చెను. నమ్మఁదగిన కొలతలు కోస్ట్కా పటములవలననే సిద్ధించెను. యంత్రము తనంతఁ బోల్చినపుడు చీవరపు మడతలు జాఱిపోయెను. వానిని మనుష్యుఁడే కంటఁ జూచి బిందువు వెంట బిందువుగా గుర్తింపవలసి వచ్చెను.

తరువాత నీ విద్య మఱింత ప్రబలెను. 2018లో పారిసునందలి అరబ్బు ప్రపంచ సంస్థ వారి ప్రదర్శనమున యుద్ధహతములగు మోసూలు, అలెప్పో, పాల్మైరా నగరములును, లిబియాలోని లెప్టిస్ మాగ్నాయుఁ జూపఁబడెను. ద్రష్టలు కన్నులకు యంత్రమును ధరించి, యా కట్టడముల నడుమ నిలిచినట్లే నలుదెసలఁ జూడఁగలిగిరి.

ఇచ్చట నొక ప్రమాదము గలదు. తాళపత్రమున గ్రంథపాతమున్న చోటఁ బరిష్కర్త తన పూరణమును కుండలీకరణముచే వేఱుపఱచును. అట్లు చేయనిచో నది ప్రక్షిప్తమగును. యంత్రదృశ్యమునందు కొలిచిన ఱాయియు, ఊహించిన ఱాయియు నొక్క తీరుననే భాసించును. 2006లో ఆరంభమై 2009లో సంస్కరింపఁబడిన లండను నియమావళి యీ దోషమునకుఁ బరిహారము విధించినది: చూపఁబడునది యున్న స్థితియా, సాక్ష్యమూలకమగు పునర్నిర్మాణమా, ఊహయా యనుట ద్రష్టకు స్పష్టపఱుపవలెను.

కోస్ట్కా 1970లో ఆ ప్రతిమలను కొలిచినపుడు వాని కిట్టి గతి పట్టునని యెవ్వరు నెఱుఁగరు. కావునఁ గొలతలు శాంతికాలముననే గైకొనవలయును, పూరణములు గుర్తింపఁబడవలయును. ఈ రెండు లక్షణములును గల రూపము చరిత్రకుఁ బ్రమాణము, తక్కినది వినోదమాత్రము.